చెయ్యి మార్చుకోమనొద్దు, గిటారు మార్చండి

అన్నలూ, అక్కలూ, తమ్ముళ్ళూ, ఇది పొడుగు పోస్టు. డ్యూటీ బస్సులో సీటు దొరికాక చదవండి.

మన కువైట్ తెలుగు పాటల గ్రూపుల్లో ఒక మాట తెగ తిరుగుతోంది. పుర్రచేతి వాటం ఉన్న పిల్లోడెవడైనా "అన్నా, గిటారు నేర్చుకోవాలనుంది, నాది ఎడమచెయ్యి, ఏం చేయాలి?" అని అడిగితే చాలు, పది మంది లేచి ఒకే జవాబు చెప్తారు: "కుడిచేత్తోనే నేర్చుకో తమ్ముడూ, రెండు నెలల్లో అదే అలవాటైపోద్ది." ఇంకో ఇద్దరు తెలివైనోళ్ళు ఉంటారు: "తీగలు ఊడదీసి తిరగేసి కట్టుకో, ఐదు నిమిషాల పని." మొన్న ఒకాయన ఏకంగా నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు, ఎడమచేత్తో గిటారు పట్టుకుంటే చూడ్డానికే అపశకునంలా ఉంటుందని. దానికి ముప్పై మంది దండాలు పెట్టారు.

ఈ రెండు సలహాలూ తప్పే. మొదటిది మరీ తప్పు. నేను షువైఖ్‌లో ఒక జాయినరీలో వడ్రంగిని. సెలవు రోజుల్లో మనోళ్ళ గిటార్లు, డోలక్కులు బాగు చేస్తుంటాను. కుడిచేతి గిటార్లని ఎడమచేతికి మార్చడం కొన్నేళ్ళుగా చేస్తున్న పని. కాబట్టి గాల్లో మాట్లాడట్లేదు.

ముందు "చెయ్యి మార్చుకో" సంగతి. ఇలా చెప్పేవాళ్ళు చెడ్డోళ్ళు కాదు. గిటార్లన్నీ కుడిచేతివే దొరుకుతాయి, నేర్పేవాడు కుడిచేతివాడు, యూట్యూబులో చూపించేవాడూ కుడిచేతివాడే, కాబట్టి నువ్వే మారిపో అంటారు. దాని మీద ఇంకో పెద్ద మాట వేస్తారు: "అసలు గిటారులో కష్టమైన పనంతా ఎడమచెయ్యే చేస్తుంది. తీగలు నొక్కేది, కార్డులు మార్చేది అదే. అంటే ఎడమచేతివాడికి మామూలు గిటారే లాభం కదా!"

వినడానికి బాగుంది. మరి ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. లోకంలో పది మందిలో దాదాపు తొమ్మిది మంది కుడిచేతివాళ్ళు. గిటారు చేసుకున్నదీ వాళ్ళే. కష్టమైన పనంతా తమకి చేతకాని ఎడమచేతికి అప్పజెప్పి, మంచి చేతిని ఊరికే తీగల మీద ఊపుకోవడానికి పెట్టుకున్నారా? అంత తెలివితక్కువ వాళ్ళా?

సుత్తి ఏ చేత్తో పట్టుకుంటావు, మేకు ఏ చేత్తో పట్టుకుంటావు? వేలు చితికేది మేకు పట్టుకున్న చేతికే. వంకర పోకుండా నిలబెట్టాల్సిందీ అదే. అయినా సుత్తి మాత్రం మంచి చేతికే ఇస్తాం. ఎందుకంటే దెబ్బ ఎప్పుడు పడాలి, ఎంత బరువుతో పడాలి అన్నది ఆ చేతికే తెలుసు. గిటారూ అంతే. నొక్కే చెయ్యి ఎక్కడ నొక్కాలో కంఠస్థం చేస్తుంది. తాళం ఉండేది మీటే చేతిలో. పాట నడకంతా దానిదే. ఆ చేతిలో తాళం లేకపోతే ఎన్ని కార్డులు నేర్చుకున్నా పాట కుంటుతుంది. పుర్రచేతివాడి తాళం ఎడమచేతిలో ఉంది. దాన్ని తీగలు నొక్కడానికి కట్టేసి, రాని చేత్తో తాళం వెయ్యమంటున్నారు మీరు.

మా రూముల దగ్గర బాగా పాడే పిల్లోడొకడు ఉన్నాడు. బల్ల మీద దరువు వేస్తే ఎడమచేత్తోనే వేస్తాడు, ఒక్క దెబ్బ తప్పదు. అదే మనిషికి కుడిచేతి గిటారు ఇచ్చి మూడు నెలలు తోమారు. చివరికి వాడు చెప్పిన మాట "నాకు సంగీతం రాదులే అన్నా." సంగీతం వాడికి ముందు నుంచీ ఉంది. మీ సలహా వల్ల లేదనుకున్నాడు.

మార్చుకున్నోళ్ళు లేరా అంటారు. ఉన్నారు. డైర్ స్ట్రెయిట్స్ బ్యాండు మార్క్ నాఫ్లర్ ఎడమచేతివాడు, కుడిచేతి గిటారే వాయిస్తాడు, మామూలుగా వాయించడు! ఎవరికైనా మొదటి రోజు నుంచీ కుడివైపు పట్టుకుంటేనే హాయిగా ఉంటే, వాళ్ళు అలాగే నేర్చుకోవాలి. నాకేం అభ్యంతరం లేదు. ఏ చెయ్యో వాడు చూసుకుని చెప్పాలి. గ్రూపులో దండాలు పెట్టేవాళ్ళు చెప్పకూడదు.

క్రికెట్టు కూడా తెస్తారు. సచిన్ ఎడమచేత్తో రాస్తాడు, కుడిచేత్తో బ్యాటింగ్ చేశాడు. గంగూలీ కుడిచేతివాడు, వాళ్ళన్న సామాన్లతో ఆడటం కోసం ఎడమవైపు తిరిగాడు. నిజమే. కానీ అయ్యా, బ్యాటుకి కుడీ ఎడమా లేదు. అదే బ్యాటుతో ఇద్దరూ ఆడొచ్చు. గిటారుకి ఉంది. ఎక్కడెక్కడ ఉందో కింద చెప్తాను. ఉన్నదని తెలియకుండా సలహా ఇవ్వడమే నా గొడవ.

నాకు అసలు మండేది వేరే ఉంది. ఈ మాట గిటారుతో పుట్టింది కాదు. పలక మీద ఎడమచేత్తో దిద్దితే వేళ్ళ మీద బెత్తం దెబ్బ. ఎడమచేత్తో డబ్బులిస్తే కొట్టువాడి మొహం మాడిపోయేది. పుర్రచెయ్యి అన్న మాటనే తిట్టులా వాడేవాళ్ళు. ఇక్కడికొచ్చినా తప్పదు. అన్నం, సలాం కుడిచేత్తోనే. అది ఊరి మర్యాద, పాటిద్దాం, దానికి ఎవరికీ ఇబ్బంది లేదు. సైట్ మీద కత్తెర కుడిచేతిది. కొలత టేపు ఎడమచేత్తో లాగితే అంకెలు తలకిందులు. కంపెనీ మనకోసం వేరే సామాను కొనదు కాబట్టి సర్దుకుపోతాం, కడుపు కోసం. మరి శుక్రవారం మధ్యాహ్నం నాలుగు గంటలు ఎవరిది? ఆ గిటారు ఎవరు కొన్నది? అక్కడ కూడా చెయ్యి మార్చుకోమంటే ఎలా?

అసలు చెప్పాలంటే గ్రైండర్ చేసినవాడికి ఉన్న బుద్ధి మనకి లేదు. మీ చేతిలో ఉన్న యాంగిల్ గ్రైండర్ చూడండి. పక్క హ్యాండిల్ బిగించే మరబెజ్జం కుడివైపూ ఉంటుంది, ఎడమవైపూ ఉంటుంది. రాయి కోసే మిషనే మనిషి చేతిని బట్టి మారుతుంటే, పాట పాడే కొయ్య మారకూడదా?

మన తబలా వాళ్ళని చూడండి. ఎడమచేతివాడైతే తబలా ఆ పక్కన, డగ్గా ఈ పక్కన పెట్టుకుని వాయించేస్తాడు. డప్పు అయితే చంక మారుస్తాడు. ఎవరూ వాయిస్ మెసేజ్ పెట్టరు. అరవదేశంలో పళని సుబ్రమణ్య పిళ్ళై అని మహా మృదంగ విద్వాంసుడు, ఎడమచేతివాడు. ఆయన పక్కన వాయిద్యాలవాళ్ళు కూర్చునే చోటు మార్చుకోవాలని అప్పట్లో పేచీలు వచ్చాయి. ఆయన చెయ్యి మార్చుకోలేదు. ఈ రోజు ఆ పేచీ పెట్టినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు.

ఇక రెండో సలహా. "తిరగేసి కట్టు, ఐదు నిమిషాల పని." ఇది చెప్పేవాళ్ళు కనీసం మనిషిని మార్చమనట్లేదు, అంతవరకు మంచిదే. కానీ సగం పని చెప్పి వదిలేస్తారు. ఆ సగం పని వల్ల పాడైనన్ని గిటార్లు, మానేసినంత మంది పిల్లలు నేను చూశాను. ఇక్కడ ఒక సంగీతం సామాన్ల షాపులో ఐదు దినార్లు తీసుకుని తీగలు మాత్రం తిరగేసి "లెఫ్ట్ హ్యాండ్ చేశాం" అని ఇచ్చారు ఒక తమ్ముడికి. పేరు రాయను. గిటారు నా దగ్గరికొచ్చినప్పుడు చూస్తే, తీగలు తప్ప ఒక్క ముక్క కదలలేదు.

ఏం కదలాలో చెప్తాను. కొంచెం ఓపిక పట్టండి, అసలు విషయం ఇదే.

గిటారు తల దగ్గర, మెడ మొదలయ్యే చోట, తెల్లటి చిన్న కమ్మీ ఉంటుంది. దాన్ని నట్ అంటారు. బోల్టుకి వేసే నట్ కాదు, మన పిట్టగోడలాంటిది. ఆరు తీగలూ ఆరు గాట్లలో కూర్చుని దాని మీదుగా పోతాయి. మామూలు స్టీలు తీగల సెట్టులో సన్నతీగ 0.012 అంగుళం, లావుతీగ 0.053 అంగుళం. అంటే మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేనిది ఒకటి, మిల్లీమీటరున్నర దగ్గర్లో ఉన్నది ఇంకొకటి. గాట్లు ఆ లావుల్ని బట్టే కోసి ఉంటాయి. ఇప్పుడు తిరగేసి కట్టండి. లావుతీగ సన్నగాటులో దిగదు, పైన కూర్చుంటుంది. మొదటి ఫ్రెట్టు దగ్గర అంత ఎత్తున ఉన్న తీగని నొక్కాలంటే వేలు తెగుతుంది. గట్టిగా మీటితే గాటులోంచి జారి పక్కకి పోతుంది. సన్నతీగేమో పెద్దగాటులో పడి, బావిలో చేద మాదిరి అటూ ఇటూ కొట్టుకుంటుంది, జుయ్యిమని చప్పుడు. ఎఫ్ కార్డు పట్టలేక ఏడ్చిన పిల్లల్లో సగం మందికి వేళ్ళ బలం లేక కాదు, ఈ నట్ వల్లే.

రెండోది సాడిల్. గిటారు పొట్ట మీద బ్రిడ్జి ఉంటుంది కదా, దానిలో దిగేసిన తెల్ల పట్టీ. స్టీలు తీగల గిటారులో దాన్ని జాగ్రత్తగా చూడండి, తిన్నగా ఉండదు, వాలుగా ఉంటుంది. లావుతీగ వైపు మెడకి దూరంగా, సన్నతీగ వైపు దగ్గరగా. రెండు కొనలకీ మధ్య దాదాపు 3 మిల్లీమీటర్ల తేడా. ఆ వాలు ఎందుకంటే, తీగని ఫ్రెట్టు మీదకి నొక్కితే అది సాగుతుంది, సాగితే శ్రుతి పెరుగుతుంది. లావుతీగకి ఇది ఎక్కువ. అందుకని దాని పొడుగు కొంచెం పెంచి సరిచేస్తారు. తీగలు మాత్రం తిప్పి సాడిల్ వదిలేస్తే లెక్క తలకిందులు. లావుతీగ పొట్టిదైపోతుంది, సన్నతీగ పొడుగైపోతుంది. ఏమీ నొక్కకుండా ట్యూన్ చేస్తే అంతా పచ్చగా కనిపిస్తుంది. ఐదో ఫ్రెట్టు దగ్గర బార్ కార్డు పట్టగానే ఒక తీగ ఎక్కువ పలుకుతుంది, ఇంకోటి తక్కువ పలుకుతుంది. అప్పుడు పాడేవాళ్ళంతా గిటారు పిల్లోడి వైపు చూస్తారు. "శ్రుతి చూసుకోవయ్యా!" వాడు చూసుకున్నాడు. కొయ్య తప్పు అది.

నమ్మకం లేకపోతే మీ ఫోనులో ట్యూనర్ యాప్ తెరవండి. పన్నెండో ఫ్రెట్టు తీగకి సరిగ్గా నడిమధ్య. అక్కడ వేలు ఊరికే తగిలించి మీటి వదిలితే గంటలాంటి స్వరం వస్తుంది. అదే చోట నొక్కి మీటండి. రెండూ ఒకటే చూపించాలి. నొక్కినప్పుడు ఎక్కువ చూపిస్తే ఆ తీగ పొడుగు చాలలేదని, తక్కువ చూపిస్తే పొడుగు ఎక్కువైందని. తిరగేసి కట్టిన గిటారు మీద ఒకసారి ఇది చేసి ఆ తర్వాత "ఐదు నిమిషాల పని" అనండి చూద్దాం.

చిన్నాచితకా ఇంకా ఉన్నాయి. మెడ పక్కన చుక్కలు నేల వైపుకి పోతాయి, పైవైపు తెల్లరంగుతో మూడు, ఐదు, ఏడు, తొమ్మిది, పన్నెండు దగ్గర చుక్కలు పెడితే చాలు. పట్టీ తగిలించే బొడిపె మారాలి. గీతలు పడకుండా వేసిన ప్లాస్టిక్ రేకు పైవైపుకి వస్తుంది. దాన్ని పీకకండి, కింద లేతరంగు మచ్చ బయటపడుతుంది. లోపల పలక కింద ఎక్స్ ఆకారంలో కట్టిన పట్టీలు రెండు వైపులా ఒకేలా ఉండవు, అది మార్చలేం. శబ్దంలో తేడా ఉంటుందా అంటే, ఉంటే ఉండొచ్చు. పది మంది పాడుతుండగా ఆ తేడా పట్టుకునే చెవి నేను ఇంతవరకు చూడలేదు. కరెంటు గిటారైతే ప్రీయాంప్ మీటలు కిందకి పోయి ఒళ్ళో తగులుతుంటాయి, మెడ దగ్గర కోసిన వంపు పైకి పోతుంది, పెద్ద ఫ్రెట్ల దాకా చెయ్యి అందదు. అందుకే అలాంటివి మార్చొద్దంటాను.

ఇదంతా పెద్ద ఇంజనీరింగు అనుకోకండి. ఇక్కడే నాకు మనోళ్ళ మీద కోపం. ఈ పని చేయగల చేతులన్నీ మన క్యాంపుల్లోనే ఉన్నాయి. వడ్రంగి ఉన్నాడు, గ్యాస్ కటింగ్ చేసేవాడు ఉన్నాడు, పాలిష్ కొట్టేవాడు ఉన్నాడు. ఒక్కొక్కడు సైట్ మీద కోట్ల రూపాయల ఇంట్లో తలుపు వెంట్రుకవాసి సందు లేకుండా దిగేస్తాడు. అదే మనిషి రూముకొచ్చి "మనకెక్కడ అవుతుంది, కుడిచేత్తో నేర్చుకో" అంటాడు.

నట్ పని ఇలా. తీగలన్నీ వదులు చేసి తీసేయండి. నట్ చుట్టూ వార్నిషు మీద సన్న బ్లేడుతో గీత పెట్టండి, లేకపోతే పెచ్చు లేస్తుంది. మెడ వైపు నుంచి చిన్న కొయ్యముక్క ఆనించి మెల్లగా తట్టండి, ఊడి వస్తుంది. కొత్తది ఎముకతో చేసింది దొరుకుతుంది. చదునైన అద్దం మీద ఎమరీ కాగితం పెట్టి కింద భాగం సమంగా రుద్దండి. ఎముక పొడి పీల్చకండి, మాస్కు పెట్టుకోండి. గాట్లు కోయడానికి అసలు ఆకురాళ్ళ సెట్టు చాలా ఖరీదు. దాని అవసరం లేదు. గ్యాస్ వెల్డింగ్ చేసే అన్నని అడగండి, టార్చి నాజిల్ శుభ్రం చేసే సన్న తీగల కట్ట జేబులో ఉంటుంది. ఒక్కోటి ఒక్కో లావు, గరుకుగా ఉంటుంది. తీగ లావుకి సరిపోయేది తీసుకుని, తల వైపుకి కొద్దిగా వాలు ఉండేలా కోయండి. కొంచెం కోసి తీగ పెట్టి చూడటం, మళ్ళీ కోయడం. మూడో ఫ్రెట్టు దగ్గర నొక్కితే మొదటి ఫ్రెట్టు మీద కాగితం మందం సందు కనిపించాలి. అంతకంటే దిగితే తీగ బుసకొడుతుంది, ఆ నట్ పోయినట్టే. అంటించడానికి ఒక్క చుక్క వుడ్ గ్లూ చాలు, రేపు మళ్ళీ తీయాల్సి రావొచ్చు.

సాడిల్ పని వడ్రంగికే ఇవ్వండి. పాత గాడిలో అదే వెడల్పు రోజ్‌వుడ్ పట్టీ జిగురు పెట్టి దిగేసి, ఆరాక బ్రిడ్జితో సమంగా చెక్కాలి. తర్వాత ఎదురువాలులో కొత్త గాడి కోయాలి. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్టు దాకా ఎంతుందో అంతకి రెట్టింపు కొలిచి గీత పెట్టండి. దానికి సన్నతీగ దగ్గర 2, లావుతీగ దగ్గర 5 మిల్లీమీటర్లు దగ్గర దగ్గరగా కలపండి. మిగతాది ట్యూనర్ చూసి సాడిల్ అంచు రుద్ది సరిచేసుకోవాలి. ట్రిమ్ రూటర్, 3 మిల్లీమీటర్ల బిట్టు, పక్కన గైడు కదలకుండా బిగించాలి. చేతి లెక్కన కోస్తే బ్రిడ్జి పోతుంది. అయ్యాక పాత గాడీ కొత్త గాడీ కత్తెర మాదిరి ఒకదాన్నొకటి దాటుకుంటూ కనిపిస్తాయి. నాకు అది చూడముచ్చటగానే ఉంటుంది.

ఇంత తతంగం వద్దనుకుంటే నైలాను తీగల గిటారు తీసుకోండి. దాని సాడిల్ మామూలుగా తిన్నగానే ఉంటుంది, లోపలి పట్టీలు కూడా విసనకర్ర మాదిరి రెండు వైపులకీ దాదాపు సమానం. నట్ ఒక్కటి కొత్తది చేసి, సాడిల్ ఈ కొన ఆ కొనకి తిప్పి పెడితే చాలావరకు పని అయిపోతుంది. మొదట నేర్చుకునే పుర్రచేతివాళ్ళకి నేను చెప్పేది ఇదే. వేళ్ళకి కూడా మెత్తన.

"గిటారు విలువ పోతుంది కదా" అని ఒక బెంగ. పన్నెండు దినార్ల గిటారుకి విలువ గురించి బెంగపడేవాళ్ళకి ఒక్క సంగతి. నిర్వాణ బ్యాండు కర్ట్ కొబేన్ 1993లో ఎం టీవీ అన్‌ప్లగ్డ్‌లో వాయించినది 1959 నాటి మార్టిన్ డి-18ఇ. కుడిచేతి గిటారుని ఎడమచేతికి మార్చిన ముక్క అది. 2020లో వేలం వేస్తే 60 లక్షల డాలర్లు దాటింది. ఆయన పేరు వల్ల అంత ధర వచ్చింది, నాకూ తెలుసు. అయినా మార్చిన గిటారు కట్టెపుల్లతో సమానం అనేవాళ్ళు కొంచెం ఆగుతారని చెప్తున్నా.

"ఎడమచేతి గిటారే కొనుక్కో" అనేవాళ్ళకి, కొనగలిగితే కొనండి, అంతకంటే మంచిది లేదు. ఇక్కడ షాపుల్లో వంద గిటార్లు వేలాడుతుంటే అందులో ఎడమచేతివి ఎన్నో మీరే లెక్కపెట్టండి. సూక్ అల్ జుమాలో పాత సామాన్లలో అయితే నా కంటికి ఒక్కటీ పడలేదు. ఆర్డరు పెట్టి తెప్పించుకునే జీతాలు ఉంటే ఈ పోస్టు అక్కర్లేదు.

తీగలు కూడా మార్చకుండా, కుడిచేతి గిటారునే తలకిందులుగా పట్టుకుని వాయించినవాళ్ళు ఉన్నారు. ఇళ్ళల్లో పని చేసే మన అక్కలకి ఈ ఒక్క మనిషి గురించి చెప్పాలి. ఎలిజబెత్ కాటెన్, అమెరికాలో నల్లజాతి ఆడమనిషి, 1893లో పుట్టింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఇళ్ళల్లో పనికి పోయి, కూడబెట్టిన డబ్బులతో మూడు డాలర్ల 75 సెంట్లకి గిటారు కొనుక్కుంది. ఎడమచేతిది. అంతకుముందు అన్న బ్యాంజోని దొంగచాటుగా వాయించేటప్పుడే తిరగేసి పట్టుకోవడం అలవాటైంది. లావుతీగలు వేళ్ళతో, పాట నడిచే సన్నతీగలు బొటనవేలితో. తర్వాత సంసారం, పని, గిటారు మూలన పడింది. పెద్దయ్యాక సీగర్ కుటుంబం ఇంట్లో పనిమనిషిగా ఉంటూ, గోడకున్న గిటారు తీసి వాయిస్తే ఆ ఇంటివాళ్ళు, వాళ్ళంతా సంగీతం తెలిసినవాళ్ళు, నోరెళ్ళబెట్టారు. అరవై దాటాక రికార్డులు, కచేరీలు. 1985లో గ్రామీ అందుకుంది, తొంభై దాటిన వయసులో. ఈ రోజుకీ ఆ మీటే పద్ధతికి ఆమె పేరే.

అయితే ఆమె పేరు చెప్పి "చూశావా, ఏమీ మార్చక్కర్లేదు" అనకండి. ఆమెకి మార్చి ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు, అందుకని తనే ఒక దారి తవ్వుకుంది. ఆ పద్ధతిలో వాయిస్తే పుస్తకాల్లో, వీడియోల్లో చూపించే మీటుడు ఏదీ సూటిగా పనికిరాదు, ప్రతిదీ తిరగేసి కనిపెట్టుకోవాలి. ఇష్టపడి చేస్తే దండం పెడతాను. గతిలేక చేయాల్సిన పని లేదు, మనం ఇంతమందిమి ఉండగా.

మీ వాదనల్లో నిజంగా బరువున్నది ఒక్కటే. "రూముకి ఒక్క గిటారు. అందరం కలిసి కొన్నాం. ఒక్కడి కోసం తిప్పేస్తే మిగతా ముగ్గురూ ఏం చేయాలి?" ఇది న్యాయమైన మాట, దీన్ని నేను కొట్టెయ్యను. ఉమ్మడి గిటారుని తిప్పకండి. వారం వారం తీగలు అటూ ఇటూ మార్చే పని కూడా పెట్టుకోకండి, నట్ ఒక్కటే ఇద్దరికీ సరిపోదు. కానీ దీనికి జవాబు వాడి చెయ్యి మార్చడం కూడా కాదు. ఊరికి పోయేవాడికి వీడ్కోలు బిర్యానీకి రూములో తలా ఎంత వేస్తున్నాం? అందులో సగం వేస్తే పాత నైలాను గిటారు వస్తుంది. వాడి వాటా వాడు ఉమ్మడి గిటారుకి ముందే ఇచ్చాడన్న సంగతి కూడా గుర్తు చేస్తున్నా. వాయించలేని గిటారుకి వాటా కట్టి, పక్కన కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు ఇన్నాళ్ళూ.

నేర్పేవాళ్ళకి ఒక మాట. ఎడమచేతి పిల్లోడు ఎదురుగా కూర్చుంటే మీకే సులువు. అద్దంలో చూసినట్టు ఉంటుంది. మీ ఎడమచెయ్యి ఎటు పోతే వాడి కుడిచెయ్యి అటే వస్తుంది. కుడిచేతివాడికి ఎదురుగా కూర్చుని నేర్పేటప్పుడు లేని వెసులుబాటు ఇది. కార్డు బొమ్మల కాగితం ఫోనులో ఫోటో తీసి కుడిఎడమలు తిప్పి పంపండి, అందులో ఐదు నిమిషాలు నిజంగానే పట్టదు.

ఇంక గిటారు మార్పించుకోవాలనుకునే తమ్ముళ్ళకి. సంతలో కొనేటప్పుడు మెడ వంకర ఉందో లేదో తల వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం దూరిందంటే లేచిపోతోందని అర్థం, వదిలేయండి. వంపు కోసినది, ప్రీయాంప్ ఉన్నది వద్దు. చవగ్గా వస్తోందని రెండు తీగలు లేనిది కూడా తీసుకోవచ్చు, తీగలు ఎలాగూ కొత్తవి వేస్తాం. నేను దీనికి డబ్బులు తీసుకోను, అకామా ఒకచోట, పని ఇంకోచోట అని ఎవరూ అనకూడదు. నట్టుకి, తీగలకి అయిన ఖర్చు మీది. తెచ్చేటప్పుడు ఉన్న పాత తీగలు ఊడదీయకుండా తీసుకురండి, ముందు పన్నెండో ఫ్రెట్టు దగ్గర ఎలా పలుకుతుందో చూశాకే ఉలి పట్టుకుంటాను.